తిథి తెలియని మృతులు: అండమాను మరణలేఖల చరిత్ర

తెలుగునాట గతించినవారికి ఏటేట జరుపు తద్దినమునకు తిథి ప్రధానము. పేరును గోత్రమును ఇంటివారికి తెలిసియే యుండును. మాసము, పక్షము, తిథి తెలిసిననే పురోహితుడు సంకల్పము చెప్పగలడు. దేశాంతరమున మరణించి, మరణదినము తెలియనివారికి శాస్త్రము మహాలయ అమావాస్యను చూపినది. తిథి లేని మృతులందరును ఆ ఒక్కదినమున స్మరింపబడుదురు. ద్వీపాంతరవాస శిక్షపై అండమాను దీవులకు పోయి తిరిగిరానివారి కుటుంబములకు తరచుగా మిగిలిన దారి ఇదియే. ఎవరి ద్వారముననో ఒక జాబు వచ్చి మరణదినము తెలిసినచో, ఆ ఇంటివారిని అదృష్టవంతులుగా ఎంచవలెను.

ఆ దీవులలో మరణించినవారి వివరములను ఎవరు వ్రాసికొనిరి, అవి ఎచ్చట నిలిచినవి, ఎచ్చట నశించినవి, వానిని కోరువారు ఎట్లు కోరవలెను అను ప్రశ్నలు పైకి కచేరీ వ్యవహారముగా కనిపించును. వానిని వెంబడించినవారికి ఒక సత్యము బోధపడును. ఏ ప్రభుత్వమైనను తన అవసరము మేరకే చావును వ్రాసికొనును. ఆ అవసరము ఏమో గ్రహించినవానికే పత్రము చిక్కును. గ్రహింపనివాడు ఎన్ని భాండాగారములు తిరిగినను రిక్తహస్తములతో మరలును.

ఇంగ్లీషు వారు 1789లో ఆర్చిబాల్డు బ్లెయిరు నాయకత్వమున అండమానునందు మొదటి స్థావరమును నెలకొల్పిరి. రోగములు ప్రబలి జనులు మరణించుటచే 1796లో దానిని విడిచిపెట్టిరి. మరల అరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1857 తిరుగుబాటు ఖైదీలను ఉంచుటకు చోటు కావలసివచ్చినపుడు ఆ దీవులు గుర్తుకు వచ్చెను. అంతకు పూర్వము ఆగ్రా జైలు సూపరింటెండెంటుగా ఉండిన డాక్టరు జె. పి. వాకరు 1858 మార్చి 10వ తేదీన 200 మంది ఖైదీలతో పోర్టు బ్లెయిరు రేవున దిగెను. తదుపరి ఓడలు మరికొందరిని తెచ్చినవి. మూడు మాసములు గడచిన పిమ్మట, జూనులో, వాకరు పై అధికారులకు ఒక లెక్క పంపెను. వచ్చినవారు 773, ఆసుపత్రిలో చనిపోయినవారు 64, పారిపోయి పట్టుబడనివారు, కావున మరణించినట్లు భావింపబడినవారు 140, పారిపోవ యత్నించినందుకు ఉరితీయబడినవారు 87, ఆత్మహత్య చేసికొనినవాడు ఒకడు, మిగిలినవారు 481.

ఈ లెక్కలో కూడికయందు గాని తీసివేతయందు గాని పొరపాటు లేదు. వచ్చినవారి సంఖ్యకును పోయినవారి సంఖ్యకును సరిగా జమాఖర్చు కుదిరినది. అయినను 140 అను అంకెయొద్ద చదువరి ఆగవలెను. వారు అడవిలోనికి పోయిరి. ఆకలిచే కొందరును, ఆదివాసుల బాణములచే కొందరును మరణించి యుందురని అధికారులు నిశ్చయించుకొనిరి. శవమును చూచినవారు లేరు, మరణదినము లేదు, సాక్షి లేడు. మనిషి కనబడకపోవుటయే మరణముగా వ్రాయబడెను. అండమాను మరణలేఖల చరిత్ర ఈ పంక్తితోనే మొదలగుచున్నది. ఈ పంక్తియే ముందు ముందు మరి రెండుమారులు మరల కనిపించును.

స్థావరము స్థిరపడిన పిమ్మట ప్రతి ఖైదీకిని ఒక సంఖ్య ఏర్పడెను. మెడలోని ఇనుప కడియమునకు ఒక కొయ్యబిళ్ళ వ్రేలాడుచుండెడిది. దానిపై ఖైదీ సంఖ్య, శిక్ష విధించిన చట్టపు సెక్షను, శిక్ష పడిన తేదీ, విడుదలకు గడువున్నచో ఆ గడువు చెక్కబడి యుండెడివి. పేరునకు అందు ముఖ్యస్థానము లేదు. ద్వీపపు రిజిష్టరులలో మనిషి సంఖ్యగా జీవించెను, సంఖ్యగానే కొట్టివేయబడెను. స్వగ్రామమున వానిని వెదకు మనుమనికి పేరు తెలియును గాని సంఖ్య తెలియదు. రిజిష్టరునకు సంఖ్య తెలియును గాని ఊరు తెలియదు. ఈ రెంటిని కలుపు వంతెన ఖైదీలతోపాటు పంపబడిన నామావళి. అందు పేరు, తండ్రి పేరు, కులము, జిల్లా, నేరము, శిక్ష వరుసగా వ్రాయబడెడివి. కావున వెదకువాడు మరణమునుండి మొదలిడరాదు; తీర్పునుండి మొదలిడవలెను. ఏ సెషన్సు కోర్టు, ఏ సంవత్సరమున, ఏ సెక్షను క్రింద శిక్షించినదో తెలిసినచో నామావళి దొరకు నాశ కలదు. నామావళి దొరికినచో సంఖ్య దొరకును.

తెలుగు జిల్లాలవారికి ఈ మార్గము చెన్నపట్టణముమీదుగా పోవును. 1858కి పూర్వము మద్రాసు రాజధాని ఖైదీలను పినాంగు, మలక్కా, సింగపూరు, మౌల్మెయిను మున్నగు రేవులకు పంపుచుండిరి. అనంతరము అండమాను వారికి గమ్యస్థాన మయ్యెను. 1879లో చెలరేగిన రంప తిరుగుబాటులో శిక్షలు పడినవారిని, 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన మన్యపు పోరాటమున పట్టుబడినవారిలో కొందరిని ఆ దీవులకు పంపిరి. అట్లు పోయిన గాం మల్లుదొర శిక్ష ననుభవించి తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యెను. తిరిగివచ్చినవాని కథను ఊరంతయు చెప్పుకొనును. రానివాని కథను చెప్పుటకు కాగితము తప్ప వేరొకటి లేదు. మద్రాసు ప్రభుత్వపు న్యాయశాఖ పత్రములు నేడు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రభాండాగారమున నున్నవి. వానిలో తెలుగు పేర్లను వెదకుట ఓర్పుతో కూడిన పని. మన్యపు మనిషి తన పేరును ఒకరీతిగా పలికెను, అరవ గుమాస్తా దానిని ఒకరీతిగా వినెను, ఇంగ్లీషు లిపిలోనికి వేరొకరీతిగా ఎక్కెను. ఇంటిపేరు ఒకచోట ముందు, వేరొకచోట వెనుక; ఇంకొకచోట కులనామమే ఇంటిపేరుగా మారెను. ఒకే మనిషి నాలుగు పేర్లతో కనిపించుట ఈ పత్రములలో వింత కాదు. తండ్రి పేరును ఊరి పేరును పట్టుకొని పోవుటయే ఉపాయము.

ద్వీపపు పరిపాలనమునకు సంబంధించిన కాగితములు కలకత్తాకును, పిమ్మట ఢిల్లీకిని చేరెను. న్యూఢిల్లీలోని జాతీయ పత్రభాండాగారమున హోంశాఖ పత్రములలో పోర్టు బ్లెయిరు శాఖ అను ప్రత్యేకవిభాగము కలదు. సాంవత్సరిక నివేదికలలో మలేరియా, విరేచనములు, క్షయ మున్నగు రోగములచే ఎందరు చనిపోయిరో అంకెలు కనిపించును. పేర్లు సాధారణముగా కనిపింపవు. ఒక ఖైదీ మరణమునకు పేరు, తేదీ దొరకవలె నన్నచో ఆ మరణము ప్రభుత్వమునకు ఒక పనిని కల్పించి యుండవలెను: బంధువులు విడుదల కోరుచు అర్జీ పెట్టి యుండవలెను, లేదా ఉరి అమలు జరిగి యుండవలెను, లేదా చావుపై విచారణ జరిగి యుండవలెను. అడిగినవారున్నచోట ప్రత్యుత్తరము ఉండును. అడుగుటకు చదువు గాని ధైర్యము గాని లేని కుటుంబముల మనుష్యులు అంకెలలోనే కలిసిపోయిరి.

అదే దీవిలో వేరొక రిజిష్టరు ఉండెను. రాస్ ద్వీపమున తెల్లదొరలకు చర్చి, శ్మశానవాటిక కలవు. అచ్చట మరణించిన అధికారి, సైనికుడు, వారి పసిబిడ్డలు పేరు, వయస్సు, తేదీలతో చర్చి పుస్తకమున నమోదైరి. భారతదేశమందలి క్రైస్తవుల జనన వివాహ ఖననముల నకళ్ళు ఏటేట లండనుకు పంపబడెడివి. అవి నేడు బ్రిటిషు లైబ్రరీలోని ఇండియా ఆఫీసు పత్రములలో భద్రముగా నున్నవి. కొన్ని మాసములు మాత్రమే బ్రతికిన ఆంగ్లశిశువు మరణతేదీని నేడు లండనులో చూడవచ్చును. ఇరువది సంవత్సరములు ఆ దీవిలో రాళ్ళు కొట్టిన ఖైదీ మరణతేదీ దొరకుట అరుదు. ఇందు ఆ శిశువు తప్పు లేదు. ఆ బిడ్డను తల్లిదండ్రులు ఎంత ప్రేమతో పాతిపెట్టిరో ఖైదీ బిడ్డలును తమ తండ్రిని అంత ప్రేమతోనే దహనము చేసి యుందురు. వ్రాసికొనువాని అవసరములో మాత్రమే భేదము కలదు.

1872లో సుమారు ఒక మాసపు వ్యవధిలో సంభవించిన రెండు మరణములు ఈ భేదమును స్పష్టపరచును. ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలము మౌంట్ హారియట్ కొండ దిగి హోప్‌టౌను రేవునకు వచ్చిన వైస్రాయి మేయో ప్రభువును షేర్ అలీ ఆఫ్రిదీ అను ఖైదీ కత్తితో పొడిచి చంపెను. మేయో శవము కలకత్తాకును, అచ్చటినుండి స్వదేశమైన ఐర్లండునకును రాజలాంఛనములతో పోయెను. విలియం హంటరు 1875లో వారి జీవితచరిత్రను ప్రకటించెను. షేర్ అలీని మార్చి 11వ తేదీన వైపర్ ద్వీపమున ఉరితీసిరి. వాని మరణతేదీ చరిత్రలో నిలిచినది. అందుకు కారణము వైస్రాయి మరణమే. వేల ఖైదీలలో తేదీ తెలిసిన కొద్దిమందిలో ఒకడుగా వానిని నిలిపినది వాని నేరము.

అధికారి వ్రాయనిదానిని కొన్నిచోట్ల సాహిత్యము వ్రాసినది. అరబ్బీ పండితుడు ఫజ్లె హక్ ఖైరాబాదీ 1857 తిరుగుబాటు కారణముగా అండమానుకు పంపబడి, 1861లో అచ్చటనే మరణించెను. ప్రవాసమున తిరుగుబాటును గూర్చి అరబ్బీలో వ్రాసిన గ్రంథము ఆయన కీర్తిని నిలిపెను. ఆయన సమాధిని నేటికిని జనులు దర్శించుచున్నారు. 1866లో ద్వీపము చేరిన మౌల్వీ మహమ్మదు జాఫర్ థానేశ్వరీ అచ్చటి కచేరీలో మున్షీగా పనిచేసి, 1883లో విడుదల పొంది, తన అనుభవమును ఉర్దూలో గ్రంథస్థము చేసెను. రిజిష్టరు వ్రాయు కలము ఖైదీ చేతిలోనే ఉండినదని ఆయన జీవితము తెలుపుచున్నది.

సెల్యులరు జైలు నిర్మాణము 1896లో ఆరంభమై 1906లో ముగిసెను. అందు 1912 ఏప్రిలులో ఇందుభూషణ రాయి తన గదిలో ఉరిపోసికొనెను. తోటి ఖైదీల స్మృతిగ్రంథములు ఆ చావునకు కారణము జైలులోని చాకిరియే అని చెప్పినవి. 1933 మే మాసమున రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూనినపుడు గొట్టముతో బలవంతముగా పాలు పోయుటచే ముగ్గురు మరణించిరి: లాహోరు కుట్రకేసు ఖైదీ మహావీర్ సింగ్ 17వ తేదీన, మోహన కిశోర నామదాసు 26వ తేదీన, మోహిత మోహన మైత్ర 28వ తేదీన. వారి దేహములు బంధువులకు చేరలేదు. రాత్రివేళ సముద్రమున పడవేయబడెనని తోటివారు చెప్పిరి. ఆ వార్త సముద్రము దాటి పత్రికలకెక్కి దేశమున అలజడి రేపెను. దహనము జరుగని ఆ మువ్వురికి పత్రికలో వెలువడిన మృతివార్తయే అంత్యక్రియ అయ్యెను. మృతివార్త ఎంత విలువగలదో ఈ ఉదాహరణము తెలుపును: దానివలన తిథి మిగిలినది.

తరువాతి ప్రళయము పత్రములమీదనే వచ్చినది. 1942 మార్చి 23వ తేదీన జపాను సేనలు అండమానును ఆక్రమించి 1945 అక్టోబరు వరకు అచ్చట నిలిచినవి. పంజాబీ కవి డాక్టరు దీవాన్ సింగ్ కాలేపానీ వారి చెరలో చిత్రహింసలు పొంది 1944 జనవరి 14న మరణించెను. అదే మాసము 30వ తేదీన హంఫ్రీగంజి యొద్ద 44 మందిని గూఢచారులని ఆరోపించి కాల్చివేసిరి. 1945 ఆగస్టులో, యుద్ధము ముగియనున్న దినములలో, ఆహారము చాలదను నెపముతో వందలమందిని ఓడల కెక్కించి హావ్‌లాక్ ద్వీపము దాపున సముద్రములోనికి దింపిరి. ప్రాణములతో బయటపడినవారు బహుకొద్దిమంది. పోవునపుడు జపాను వారు కార్యాలయపత్రములను పెక్కింటిని నాశనము చేసిరి. ఆ విధముగా హావ్‌లాక్ మృతులకు పట్టిక లేకపోయెను. వారికి పూర్వము ఎనుబది సంవత్సరములుగా మరణించినవారి పట్టికలలో ద్వీపముననే ఉంచబడినవియు చాలవరకు పోయెను. వాకరు లెక్కలోని పంక్తి ఇచ్చట రెండవమారు కనిపించుచున్నది: మనిషి కనబడడు, కావున మరణించెను.

ఈ నష్టము నేటికిని తీరలేదు. 1942కి పూర్వమునుండి ద్వీపమున ఉన్న కుటుంబములను ప్రత్యేకవర్గముగా గుర్తించు ఆచారము అచ్చట కలదు. తాత ఖైదీగా వచ్చి అచ్చటనే గతించెనని ఇంటిలోని అందరును ఎరుగుదురు. అధికారికి కాగితము కావలెను. ఒకప్పుడు కుటుంబము దాచిపెట్టిన ఖైదీ సంఖ్యయే ఇప్పుడు ఆ కుటుంబమునకు హక్కుపత్ర మగుచున్నది. ద్వీపమున పోయినదానికి నకలు ఢిల్లీలోనో, చెన్నైలోనో, లండనులోనో ఉండవచ్చును. అధికారులు పై అధికారులకు ప్రతులు పంపుచుండిన అలవాటే ఇందుకు ఆధారము.

స్వతంత్రభారతమున మరణము వ్రాసికొనుట పౌరునియెడ ప్రభుత్వమునకు గల బాధ్యత యయ్యెను. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము మరణము ఎచ్చట సంభవించెనో అచ్చటి రిజిస్ట్రారు వద్దనే నమోదు కావలెను; మృతుని స్వగ్రామమున కాదు. ఈ నియమము తెలుగువారికి ముఖ్యమైనది. 2011 జనాభా లెక్కలలో ద్వీపవాసులలో నూటికి సుమారు 13 మంది తమ మాతృభాష తెలుగని చెప్పిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వలసపోయిన మత్స్యకారులు వారిలో అనేకులు. అచ్చటి ఆసుపత్రిలో కన్నుమూసిన జాలరి మరణపత్రమును శ్రీకాకుళము కచేరీలో అడిగినచో దొరకదు. 21 దినములలో తెలిపినచో నమోదు ఉచితము. ఆపై 30 దినముల వరకు ఆలస్యపు రుసుము. ఏడాదిలోపల అధికారి అనుమతి. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. ఎవరైనను రుసుము చెల్లించి రిజిష్టరును వెదకించి ప్రతిని పొందవచ్చును. అట్టి ప్రతిలో మరణకారణమును తెలుపరాదని చట్టమే నిషేధించినది. వెదకువారు మృతుని పేరు, తండ్రి లేక భర్త పేరు, మరణించిన చోటు, సుమారు తేదీ తెలిపినచో అధికారికి పని సులభమగును. తేదీ బొత్తిగా తెలియనిచో, ద్వీపపు ప్రభుత్వ దినపత్రిక డైలీ టెలిగ్రామ్స్ సంచికలు, స్వస్థలమున తెలుగు పత్రికలలో పడిన శ్రద్ధాంజలి ప్రకటనలు దారి చూపవచ్చును.

ఊరి పేర్లు మారుట వెదకువారికి ఇంకొక చిక్కు. రాస్ ద్వీపము 2018 డిసెంబరులో నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపమయ్యెను. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపమయ్యెను. 2021లో మౌంట్ హారియట్ మౌంట్ మణిపూర్ అయ్యెను. 2024 సెప్టెంబరులో పోర్టు బ్లెయిరు శ్రీ విజయపురమయ్యెను. పాత కాగితమును పాత పేరుతోను, కొత్త అర్జీని కొత్త పేరుతోను వ్రాయవలెను. రెండును ఒకే చోటని తెలియనివాడు దొరికిన పత్రమును గూడ గుర్తింపలేడు.

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు వాకరు పంక్తి మూడవమారు కనిపించెను. నికోబారు దీవులలో, ముఖ్యముగా కచ్చాల్, కార్ నికోబారులలో, గ్రామములకు గ్రామములే కొట్టుకొనిపోయెను. తొలి లెక్కలలో మృతులకంటె ఆచూకీ లేనివారే అధికులు. ఏడేండ్లు ఏ వార్తయు లేనివానిని మరణించినట్లు భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జూలైలో అమలునకు వచ్చిన కొత్త సాక్ష్యచట్టమును ఈ నియమమును నిలుపుకొనినది. కొన్ని ధర్మశాస్త్రములు 12 ఏండ్లు వేచి, పిమ్మట పలాశపత్రములతో ప్రతిమ చేసి దహింపుమని విధించినవి. సర్వమును పోగొట్టుకొనిన విధవకు, అనాథశిశువునకు ఏడేండ్లు బహుదీర్ఘకాలము; మరణపత్రము లేనిచో పరిహారము లేదు, వారసత్వము లేదు. కావున ప్రభుత్వము విచారణ జరిపి, ప్రకటన ఇచ్చి, ఆక్షేపణలకు గడువు విడిచి, ఏడేండ్లు వేచియుండకయే పత్రములు ఇచ్చుటకు ప్రత్యేకవిధానము ఏర్పరచెను. 1858లో కనబడనివానిని మృతుడనుట అధికారి లెక్క సరిపోవుటకు. 2005లో అట్లనుట మిగిలినవారి బ్రతుకు సాగుటకు. మాట ఒకటియే, అర్థము తలక్రిందులైనది.

ఆ దీవుల తొలి నివాసుల మరణములు ఏ రిజిష్టరులోను చేరలేదు. 1877లో తట్టు వ్యాపించి గ్రేట్ అండమానీయులు గుంపులుగా మరణించిరి. జనాభా లెక్కలలో వారు 1901లో 625 మంది, 1931లో 90 మంది, 1961లో 19 మంది. ఒక జాతి మరణములను ఒక లెక్కనుండి ఇంకొక లెక్కను తీసివేసి తెలిసికొనవలసివచ్చెను. ఆ జాతివారిలో బో భాషను మాటలాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియరు. 1858 నుండి జరిగినదానికి వారసురాలై, సునామీని దాటి బ్రతికిన ఆ వృద్ధురాలు సుమారు 85వ యేట, 2010 జనవరి 26న కన్నుమూసెను. ఆమె మృతివార్త ప్రపంచపత్రికలలో వచ్చెను. లండను వారపత్రిక ఎకనామిస్టు ఆమెకు సంస్మరణవ్యాసమును ప్రచురించెను. ఆమెకు లభించిన ఆ కొన్ని పుటలు, పేరైనను లేక గతించిన తన తాతముత్తాతల కందరకును కలిపి వ్రాసినవి.

సెల్యులరు జైలు 1979 ఫిబ్రవరి 11న జాతీయస్మారకముగా ప్రకటింపబడెను. అందు చలువరాళ్ళమీద రాజకీయ ఖైదీల పేర్లు చెక్కబడినవి. దర్శించువారు తమ ప్రాంతపు పేర్లకొరకు వేలితో తడుముచు పోవుదురు. ఆ రాళ్ళమీద లేనివారు వేలమంది: కరవులో దోపిడికి దిగినవాడు, పొలము గట్టు తగవులో కొట్టినవాడు, మన్యములో దొరవెంట నడచినవాడు. వారి కొరకు వెదకువారు ఇంటిలోని పెద్దలను అడిగి ఊరు, తండ్రి పేరు, శిక్ష పడిన కాలము వ్రాసికొని బయలుదేరవలెను. తీర్పు, నామావళి, సంఖ్య, మరణము అను వరుసలో నడువవలెను. దారి మధ్యలో తెగిపోయినచో, తెగిన చోటును గూడ వ్రాసిపెట్టవలెను; వెనుక వచ్చువారికి అదియే ఆరంభము. ఒకనాడు ఒక కాగితము దొరకి, ఆ తేదీకి పంచాంగము చూచి తిథి గుణించినచో, ఆ ఇంటిలో మహాలయ అమావాస్యనాడు పిలువవలసిన పేర్లలో ఒకటి తగ్గును.